ఊరు నీళ్లలో మునిగిందన్న మనిషి

ఆయన కేస్ షీట్ మొదటి పేజీలో పేరు దగ్గర ‘కందన్’ అని ఉంది. ఊరు దగ్గర ఒక గీత గీసి వదిలేశారు. భాష దగ్గర ప్రశ్నార్థకం. దక్షిణాదిలోనే మరో రాష్ట్రంలో ఉన్న ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలకు నేను సూపరింటెండెంటుగా వెళ్లింది 2006లో. అప్పటికి ఆ కాగితం పదకొండేళ్ల పాతది. గుండుసూది తుప్పు నాలుగు పేజీల లోపలికి దిగింది.

ఈ కేసు రాయడానికి ఆయన, ఆయన తమ్ముడు ఇద్దరూ ఒప్పుకున్నారు. చదివి వినిపించాకే బయటపెడుతున్నాను. ఆయనను ఇక్కడ పెంచలయ్య అంటాను. అసలు పేరు అది కాదు. పెంచలకోన నరసింహస్వామి పేరు మా నెల్లూరు జిల్లాలో వీధికి ఒకరికైనా ఉంటుంది కాబట్టి అది ఎవరినీ పట్టి ఇవ్వదు. గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలూ మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేను చూసేనాటికి

1995లో ఒక రైల్వే స్టేషన్లో తిరుగుతుంటే పోలీసులు మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లారు. 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద రిసెప్షన్ ఆర్డరుతో, అంటే చేర్చుకోమనే మేజిస్ట్రేటు ఉత్తర్వుతో, ఆయన ఆ ఆసుపత్రికి చేరారు. వయసు పాతికేళ్లు ఉండవచ్చని అంచనా వేశారు. కాలికి మానని పుండు. పేరు అడిగితే ‘కండలే’ అన్నట్టు ఏదో వినిపించిందట. రాసుకున్న గుమాస్తా తన చెవికి తెలిసిన పేరు రాశారు. అర్ధరాత్రి, భాష తెలియని మనిషి ఎదురుగా కూర్చున్న ఆయనను నేను తప్పుపట్టను. తెల్లవారాక ఆ పేరు సరైనదేనా అని అడిగినవాళ్లు లేకపోవడమే తప్పు. ఆ తప్పులో తర్వాత నేనూ చేరాను.

2006లో నేను రాసుకున్న పరీక్ష ఇది. ముఖంలో కదలిక లేదు. నడిస్తే చేతులు ఊగవు. రెండు చేతులకూ వణుకు. నోరు ఏదో నములుతున్నట్టు ఆగకుండా కదులుతుంది, నాలుక మధ్య మధ్యలో బయటికి వస్తుంది. ఏళ్ల తరబడి వాడిన మందుల వల్ల వచ్చే టార్డివ్ డిస్కైనీషియా అది. మాట లేదు. తినమంటే తింటారు, స్నానానికి రమ్మంటే వస్తారు, వార్డులో కిటికీ కింద ఒకే మూల కూర్చుంటారు. దీర్ఘకాలిక స్కిజోఫ్రెనియా అని నిర్ధారణ. లేని గొంతులు వినిపించడం, లేనిది ఉందని గట్టిగా నమ్మడం దాని లక్షణాలు. జబ్బుకు రోజుకు క్లోర్‌ప్రోమజైన్ 600 మిల్లీగ్రాములు, పదిహేను రోజులకు ఒకసారి ఫ్లూఫెనజైన్ 25 మిల్లీగ్రాముల ఇంజక్షను; ఆ మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ట్రైహెక్సిఫెనిడిల్ 6 మిల్లీగ్రాములు. పదకొండేళ్లలో పెద్దగా మారలేదు. మధ్యలో ఒకసారి రిస్పెరిడోన్ అనే మరో మందు 6 మిల్లీగ్రాములు ఎనిమిది వారాలు ఇచ్చి, ఫలితం లేదని ఆపారు.

షీట్ నిండా ఒకే వాక్యం, రకరకాల చేతిరాతల్లో: ‘అవే మందులు కొనసాగించండి’. చివరి నాలుగు నెలల్లో ఆ వాక్యం కింద ఉన్న సంతకం నాది.

నిమ్మకాయలు

ఆ ఏడాది ఊరగాయ కోసం వంటశాలకు రెండు బస్తాల నిమ్మకాయలు వచ్చాయి. అరుగు మీద కుమ్మరించి వెళ్లారు. నేను రౌండు ముగించుకుని అటుగా వస్తుంటే పెంచలయ్య ఆ కుప్ప ముందు గొంతుకూర్చుని ఉన్నారు. పచ్చికాయ ఒకవైపు, పండు ఒకవైపు, మచ్చ పడ్డది వెనక్కి. వణికే చేతులే, కానీ కాయ వేళ్ల మధ్యకు వచ్చాక వణుకు కనిపించడం లేదు. ఒక్కో కాయను చూడను కూడా చూడటం లేదు. బొటనవేలితో ఒకసారి తిప్పి, తొక్క పలచనా మందమా అన్నది తడిమి, విసురుతున్నారు. పెదవులు కదులుతుంటే, నోటి జబ్బు కదలికలే అనుకుని దగ్గరకు వెళ్లాను. లెక్కపెడుతున్నారు.

“లాభం, రెండు, మూడు, నాలుగు...”

మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అనడం మన కళ్లాల్లో అలవాటు. మా తాత ధాన్యం కొలిచేటప్పుడు అలాగే అనేవారు. ఆసుపత్రిలో ఆ రోజున తెలుగు మాతృభాషగా ఉన్న డాక్టరును నేనొక్కడినే. పక్కన కూర్చున్నాను.

“ఏ ఊరు నాయనా మీది?”

చాలాసేపు జవాబు రాలేదు. కాయలు పడుతూనే ఉన్నాయి. తర్వాత తల ఎత్తకుండానే అన్నారు: “ఊరు లేదు సార్. నీళ్లలో మునిగింది.”

మళ్ళీ కాసేపటికి, “కండలేరు” అన్నారు.

గదికి వచ్చి కేస్ షీట్ మొదటి నుంచి చదివాను. 1996లో ఒక పుటలో రెండే వాక్యాలున్నాయి. అరకొర తెలుగు తెలిసిన తోటి రోగి ఒకరు చెప్పగా రాసుకున్నది: ‘తన ఊరు నీటి కింద ఉందంటున్నాడు. ఏదీ మిగల్లేదన్న భ్రమ.’ ఆ వాక్యం తర్వాత క్లోర్‌ప్రోమజైన్ 400 నుంచి 600కు పెరిగింది.

నెల్లూరు జిల్లా వాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కృష్ణా నీటిని మద్రాసుకు పంపే తెలుగుగంగ పథకానికి 1983లో ఒప్పందం జరిగింది. ఆ పథకంలో భాగంగా రాపూరు దగ్గర కట్టిన జలాశయం కండలేరు, 68 టీఎంసీల నిల్వ కోసం తలపెట్టినది. దాని కింద ఊళ్లు మునిగాయి, జనం వేరే చోట్లకు వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. పెంచలయ్య చెప్పినది అక్షరాలా నిజం. ఆ నిజానికే మేము భ్రమ అని పేరు పెట్టి, మోతాదు పెంచాం.

భ్రమ అంటే ఆధారం లేని నమ్మకం, ఎన్ని రుజువులు చూపినా సడలనిది అని పీజీ మొదటి ఏడాదిలోనే పాఠం చెబుతాం. ఆధారం ఉందో లేదో చూడాలంటే మనిషి భాష తెలియాలి, ఆయన వచ్చిన నేల గురించి కొంతైనా తెలియాలి. ఈ రెండూ లేకుండా నమ్మకాన్ని తూచే తక్కెడ మా దగ్గర లేదు. మానసిక వైద్యంలో ఎక్స్‌రే లేదు, మాటే పరీక్ష.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. ఇది చదివి, ఆయనకు జబ్బే లేదు, అన్యాయంగా బంధించారు అనుకోవద్దు. జబ్బు ఉంది. మాట కలిశాక వారం రోజుల్లోనే అది బయటపడింది. కాలువ తవ్విన ఇంజినీర్లు తన దవడపంటిలో తీగ పెట్టారని, నీళ్లు వదిలినప్పుడల్లా అందులోంచి ఇద్దరు మాట్లాడుకుంటారని ఆయన నమ్మకం. ఊరు మునగడం నిజం, పంటిలో తీగ భ్రమ. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే గొంతుతో వస్తాయి. విడదీయడమే మా పని.

వెనకటి సంగతులు

ఇవి తర్వాత వాళ్ల అమ్మ చెప్పినవి. మునక పరిహారంతో తండ్రి పొదలకూరు వైపు కొంత నేల కొని నిమ్మతోట వేశారు. పెంచలయ్య పదో తరగతి దాకా చదివి, తోట పనితో పాటు నిమ్మ యార్డులో కాయలు ఏరే పనికి వెళ్లేవారు. 1993లో, ఇరవై మూడేళ్ల వయసులో నిద్ర తగ్గింది, మనుషులను తప్పించుకోవడం మొదలైంది. కసుమూరు దర్గాలో కొన్నాళ్లు ఉంచారు. గొలగమూడి ఆశ్రమంలో శనివారాలు నిద్ర చేయించారు. నెల్లూరులో ఒక డాక్టరు మాత్రలు రాస్తే ఆరు నెలలకు బాగా తేరుకున్నారు. బాగయిందని మాత్రలు మానేశారు. 1995లో గూడూరుకు పని మీద వెళ్లి, రైలెక్కి వెళ్లిపోయారు.

దర్గాకు, ఆశ్రమానికి వెళ్లినందుకు నేను ఏ కుటుంబాన్నీ మందలించను. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్లూ పడుకుంటారు, ఎవరూ ఛీకొట్టరు. నేను అడిగేది ఒక్కటే: అక్కడికి వెళ్లండి, మాత్ర కూడా వేయండి.

వైద్యం

ముందు థైరాయిడ్ (టీఎస్‌హెచ్), సిఫిలిస్ (వీడీఆర్‌ఎల్), చక్కెర, కాలేయ పరీక్షలు చేయించాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు రకాల మందులు తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా లొంగని స్కిజోఫ్రెనియాకు క్లోజపిన్ ఇవ్వాలి. టార్డివ్ కదలికలున్నవారికి కూడా మిగతా మందుల కన్నా అదే నయం. పాత మందులు మెల్లగా తగ్గిస్తూ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఏడు వారాల్లో 300కు తెచ్చాం. ఈ మందు రక్తంలో తెల్లకణాలను తగ్గించవచ్చు కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష. తెల్లకణాలు 3,000 కన్నా, వాటిలో న్యూట్రోఫిల్స్ 1,500 కన్నా తగ్గితే ఆపేయాలి. ఆయనకు తగ్గలేదు. రాత్రిళ్లు దిండు తడిసేంత చొంగ, మలబద్ధకం వచ్చాయి. మలబద్ధకాన్ని చిన్న విషయంగా చూడకూడదు. క్లోజపిన్ వాడేవారికి పేగులు స్తంభించి ప్రాణం మీదికి రావచ్చు. నర్సుల పట్టికలో రక్త పరీక్ష గడి పక్కనే విరేచనం గడి కూడా పెట్టించాను.

మందుతో పాటు రోజూ ఇరవై నిమిషాలు తెలుగు. నాకు వీలుకాని రోజుల్లో ఒంగోలు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక నర్సు కూర్చునేవారు. మొదటి నెల ఆయన జవాబులు రెండు మూడు మాటలే. ఆరో నెలకు వంటశాలలో కూరగాయల లెక్క ఆయన చేతికి వచ్చింది. ఇంగ్లండులో వింగ్, బ్రౌన్ అనే ఇద్దరు మూడు మానసిక వైద్యశాలలను 1960లలో ఏళ్ల తరబడి గమనించి, రోగి మొద్దుబారడానికీ ఏ పనీ లేకుండా గడిపే గంటలకూ గట్టి సంబంధం ఉందని తేల్చారు. మూల కూర్చున్న పెంచలయ్యలో ఎంత జబ్బు, ఎంత మందుల బిగుతు, ఎంత ఖాళీ సమయం అన్నది అప్పుడు విడివిడిగా కనిపించింది. మాట లేకపోవడాన్ని మేము పూర్తిగా జబ్బు ఖాతాలో వేశాం. అందులో పెద్ద భాగం, వినేవాళ్లు లేకపోవడం.

ఇల్లు వెతకడం నా వల్లే అయింది, ఎందుకంటే దారి నాకు తెలుసు. ఉత్తరాలు రాయడానికి ఊరి పేరు ఉంది గానీ ఊరు లేదు. 2009 సంక్రాంతికి నెల్లూరు వచ్చినప్పుడు ఆయన అనుమతితో ఫోటో ఒకటి తీసుకుని పొదలకూరు నిమ్మ యార్డుకు వెళ్లాను. ఏ ఆసుపత్రి, ఏ జబ్బు అన్నది ఎవరికీ చెప్పలేదు. “ఈయన మీకు తెలుసా?” అంతే. మూడో మండీలో ముసలి గుమాస్తా ఒకరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. “చెయ్యి తిరిగిన మనిషి కదా. వీళ్ల నాయన పోయి ఎనిమిదేళ్లయింది” అన్నారు.

ఆ సాయంత్రం వాళ్ల అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. “అన్నం తింటున్నాడా?” అని ఒక్క మాట అడిగారు.

మొదటిసారి పంపినప్పుడు నేను చేసిన తప్పు

2009 ఏప్రిల్లో, మేజిస్ట్రేటు అనుమతి అయ్యాక, ఆసుపత్రి జీపులో ఇంటికి పంపాం. మాత్రలు, వాటితో పాటు రెండు పేజీల డిశ్చార్జి సమ్మరీ. జాగ్రత్తగా రాశాను, ఏదీ వదల్లేదు. రాసింది ఇంగ్లీషులో. అది చదవగలిగిన వాళ్లు ఆ ఇంట్లో లేరు.

పదకొండేళ్లు భాష లేక మూలన కూర్చున్న మనిషిని గుర్తించానని లోలోపల సంతోషపడిన నేనే, ఆయనను ఇంటికి పంపేటప్పుడు అదే పని చేశాను. ఆ కాగితాన్ని వాళ్ల అమ్మ దేవుడి పటం వెనక భద్రంగా దాచారు.

సెప్టెంబరులో తమ్ముడు ఆయనను రైల్లో వెంటబెట్టుకుని వచ్చారు. తీగ మళ్ళీ మోగుతోంది, నాలుగు రోజులుగా తిండి లేదు. మాత్రలు మానలేదని తమ్ముడు ప్రమాణం చేసి చెప్పారు. లెక్క చూస్తే సరిగ్గానే వేశారు. మరి ఎందుకు తిరగబెట్టింది? చొక్కా జేబులో బీడీ కట్ట కనిపించింది. మా వార్డులో పొగ నిషేధం. ఇంటికి వెళ్లాక తోటలో కూలీలతో కలిసి రోజుకు రెండు కట్టలు కాలుస్తున్నారు. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో క్లోజపిన్‌ను విరిచే ఎంజైమును పెంచుతాయి. నికోటిన్ కాదు, పొగ. అదే మాత్ర, అదే మోతాదు, కానీ రక్తంలో మందు దాదాపు సగానికి పడిపోవచ్చు. నా సమ్మరీలో ఈ సంగతి ఉంది, రెండో పేజీలో.

మద్రాసులో నేను పీజీ చేసేనాటికి, కీల్పాక్ ఆసుపత్రిని 1961 నుంచి 1978 వరకు నడిపిన శారదా మేనన్ గారు పదవీ విరమణ చేసి ఉన్నారు. ఆమె అక్కడితో ఆగకుండా 1984లో స్కిజోఫ్రెనియా కోసం స్కార్ఫ్ అనే సంస్థ మొదలుపెట్టారు. అంత పెద్ద ఆసుపత్రి నడిపినావిడ మళ్ళీ ఇంత చిన్నగా ఎందుకు మొదలుపెట్టారా అని అప్పట్లో అనుకున్నాను. ఆసుపత్రి గేటు దాటాక రోగికి ఏం జరుగుతుందో ఆమె చూశారు కాబట్టి. నాకది అర్థం కావడానికి పెంచలయ్య తిరిగి రావలసి వచ్చింది.

ఈసారి తమ్ముడిని వెనక్కి పంపలేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ గారు ఆవరణలో గుడారాలు వేయించి రోగులతో పాటు కుటుంబాలను ఉంచుకున్నారు. మేము వార్డు పక్క గదిలో ఒక మంచం వేశాం. పన్నెండు రోజులు ఉన్నారు. మూడో రోజు రాత్రి ఆ అబ్బాయి అసలు మాట చెప్పారు: “అన్న చనిపోయాడనే అనుకున్నాం సార్. తోట నా పేరు మీద ఉంది. ఇప్పుడు సగం అడిగితే నా పిల్లల గతి ఏమిటి?” ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంటుంది, బయటికి రాదు. బయటికి రాకపోతే అది మాత్రలు మర్చిపోవడంగా, అన్నం ఆలస్యం కావడంగా మారుతుంది. జబ్బు వచ్చినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని సూటిగా చెప్పాను. ఊరికి వెళ్లాక పెద్దల ముందు కూర్చుని, తోటలో కొంత భాగం మీద వచ్చే ఫలసాయం అన్న వైద్యానికి, ఖర్చులకు అని రాసుకున్నారు. ఆ తర్వాత తమ్ముడు నాకు ఫోను చేయడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

తెలుగులో ఒక పేజీ

ఆ పన్నెండు రోజుల్లో తమ్ముడు చెబుతుంటే, నేను రాస్తూ, ఆయనకు అర్థం కాని మాట కొట్టేస్తూ ఒక పేజీ తయారుచేశాం. పెద్ద అక్షరాలతో రాయించి, క్యాలెండరు పక్కన మేకుకు తగిలించమన్నాను. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

“అన్న మాత్ర రాత్రి అన్నం తిన్నాక. రెండు రోజులు తప్పితే మూడో రోజు పాత లెక్కన వేయకూడదు, ఫోను చేయాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే రక్త పరీక్ష. మూడు రోజులు దొడ్డికి వెళ్లకపోతే ఫోను చేయాలి. బీడీలు కొత్తగా మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా ఫోను చేయాలి. రాత్రి నిద్ర పట్టక తిరుగుతుంటే, పన్ను పట్టుకుని కూర్చుంటే, జబ్బు మళ్ళీ వస్తోందని గుర్తు.”

రెండు రోజులు దాటి మాత్ర తప్పితే శరీరం మందుకు అలవాటు కోల్పోతుంది. ఒక్కసారిగా 300 వేస్తే రక్తపోటు పడిపోవచ్చు, మూర్ఛ రావచ్చు. మళ్ళీ 12.5 నుంచి రావాలి. ఇది తెలియక జరిగే ప్రమాదాలు ఎక్కువ కాబట్టి ఆ వాక్యం పైనే పెట్టాం.

బీడీలు మానమని పోరాడి, ఆయన మానలేరని తేలాక, మోతాదు 400 చేశాను. 2009 నవంబరులో మళ్ళీ ఇంటికి వెళ్లారు. ఆ తర్వాత మానసిక వైద్యశాలలో చేరలేదు.

ఆ ఏడాదే మా అడ్మిషన్ ఫారం మార్చాను. ఊరు చెప్పలేని మనిషిని చెరువు పేరు, సంత పేరు, జాతర పేరు అడగాలి. ఏ పని చేసేవారో అడిగి, ఆ వస్తువు చేతికిచ్చి చూడాలి. భాష గడి ప్రశ్నార్థకంతో ఉంటే వారం లోపు నా బల్ల మీదికి రావాలి. చిరునామా లేని మరికొందరు ఇలాగే ఇళ్లు చేరారు. ఇల్లే లేనివాళ్లూ ఉన్నారు. కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో మాత్రమే ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ నా ఉద్యోగ కాలంలో ఉండి ఉంటే ఎంతో వాదన తప్పేది. అయినా కాగితం మీది హక్కుకు ఊళ్లో ఒక ఇల్లు, కనీసం ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండేందుకు ఒక హాఫ్‌వే హోం అయినా కట్టి ఇవ్వాలి కదా. అది ఇప్పటికీ చాలా చోట్ల లేదు.

ఇప్పటిదాకా

2012లో పదవీ విరమణ చేసి నెల్లూరు వచ్చేశాను. పెంచలయ్య నెలకొకసారి నా దగ్గరికి వస్తారు. 2021 మేలో తమ్ముడు ఫోను చేశారు: “అన్నకు కరోనా సార్. దగ్గు వస్తోందని వారంగా బీడీ ముట్టలేదు. పేజీలో ఉంది కదా, అందుకే చేస్తున్నా. నిద్ర లేపితే లేవడం లేదు, చేతులు ఉలిక్కిపడుతున్నాయి.” పొగ ఆగితే మందు రక్తంలో పెరుగుతుంది, ఒంట్లో ఇన్‌ఫెక్షను ఉంటే ఇంకా పెరుగుతుంది. రెండూ ఒకేసారి వచ్చాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని, ఆ రాత్రి మాత్ర ఆపమని, మర్నాటి నుంచి 200 వేయమని చెప్పాను. అక్కడి డాక్టరుతో కూడా మాట్లాడాను. ఐదు రోజుల్లో తేరుకున్నారు. బీడీలు మళ్ళీ మొదలుపెట్టలేదు కాబట్టి ఇప్పుడు 250తో సరిపోతోంది. పన్నెండేళ్ల కిందటి కాగితంలోని ఒక వాక్యం ఆ రోజు నాకన్నా ముందు పనిచేసింది.

సదరం సర్టిఫికెట్టు వచ్చింది, వైకల్యం 40 శాతం పైన. పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 అయింది. ఒకటో తారీఖున ఆ డబ్బు తీసుకుని తానే మందులు కొంటారు. అమ్మ 2018లో పోయారు. తలకొరివి ఆయనే పెట్టారు.

నోటి కదలికలు తగ్గాయి గానీ పోలేదు. చక్కెర కొంచెం పెరిగింది, మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాను. కిందటి నెల వచ్చినప్పుడు పన్ను సంగతి అడిగాను. కాలువకు నీళ్లు వదిలినప్పుడు సన్నగా వినిపిస్తుందట. ఏమంటారు వాళ్లు అని అడిగితే కాసేపు ఆలోచించి, “ఇప్పుడు వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకుంటున్నారు సార్, నన్ను పిలవడం లేదు” అన్నారు. తెల్లకణాలు 6,100. తర్వాతి పరీక్ష వచ్చే మంగళవారం. అంతకంటే ముందు తోటలో కోత ఉందని, పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లారు.